పదిహేనో పేజీలోని ఆరు తీగలు

మా పక్కింటి బాబాయిగారు పోయారు. మంగళవారం పొద్దున్న ఎంత పిలిచినా తలుపు తీయడం లేదని పాలావిడ మా గేటు కొట్టింది. "అమ్మగారండీ, ఒకసారి రండి, పెద్దయ్యగారు పలకట్లేదండి" అంది. మా ఇంట్లో ఎప్పుడూ ఉండే రెండో తాళంచెవితో మావారు తలుపు తీశారు. బాబాయిగారు మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నారు. కళ్ళజోడు మడిచి కిటికీ గట్టు మీద పెట్టుకున్నారు. నిద్రలోనే వెళ్ళిపోయారన్నారు డాక్టరుగారు. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. బల్ల మీద గిటారు పెట్టె మూసి ఉంది. ఆ సమయంలో ఆ పెట్టెకేసి చూసినందుకు నాకే సిగ్గేసింది. కానీ చూశాను.

వాళ్ళమ్మాయి రాజమండ్రి నుంచి వచ్చాక, సాయంత్రం చర్చిలో ప్రార్థన జరిగింది. నలుగురూ లేచి మంచి మాటలు చెప్పారు. రైల్వేలో గూడ్సు క్లర్కుగా మచ్చ లేకుండా పనిచేశారని ఒకరు, క్రిస్మస్‌కి గిటారు మీద కీర్తనలు వాయించేవారని మరొకరు, ఎవరింట్లో జ్వరమొచ్చినా బత్తాయిలు పట్టుకుని వెళ్ళేవారని ఇంకొకరు. అన్నీ నిజమే. కానీ ఆయన ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని వాయించుకున్న పాటల గురించి ఎవరూ అనలేదు. వాళ్ళకి తెలియదు. తెలిసిన పిన్నిగారు, అంటే ఆయన భార్య, నాలుగేళ్ళ క్రితమే పోయారు. ఆ తర్వాత తెలిసింది గోడ ఇవతల ఉన్న నాకు. అందుకని రాస్తున్నాను.

ఆయనది మనం సినిమాల్లో చూసే గిటారు కాదు. ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ, కుడిచేత్తో మీటుతారు. ఆరు తీగలు. దాని చెక్కలో డొల్ల ఉండదు కాబట్టి, చిన్న స్పీకరు బాక్సుకి తగిలిస్తేనే గట్టిగా వినిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు దగ్గర నేర్చుకున్నారట. అక్కడి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం సాయంత్రాలు డాన్సులు జరిగేవి. ఆ బ్యాండులో ఈయన ఒక మూల కుర్చీలో కూర్చుని వాయించేవారు. ఎప్పటివో అమెరికా జాజ్ పాటలు. రిటైరయ్యాక పిన్నిగారి ఊరని అమలాపురం వచ్చి, మా పక్కన ఇల్లు కొనుక్కున్నారు. వచ్చిన వారానికే గోడ మీంచి ఆ జారుడు స్వరం వినిపించింది. పెళ్ళికి ముందు నేను తొమ్మిదేళ్ళు వీణ నేర్చుకున్నాను. చేతిలో గరిటె పట్టుకునే వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాను.

జాజ్ అంటే ఏమిటని ఒకసారి అడిగితే ఆయన ఇలా చెప్పారు. "ముందు పాటని ఉన్నదున్నట్టు ఒకసారి వాయించాలమ్మా, విన్నవాళ్ళకి ఇల్లు తెలియాలి కదా. తర్వాత ఇంట్లోంచి బయల్దేరాలి. తిరిగి తిరిగి మళ్ళీ ఇంటికే రావాలి. దారి మాత్రం నిన్నటిది కాకూడదు." మరి దారి తప్పితే అన్నాను. "తప్పితే తప్పినచోట ఇంకో రెండుసార్లు వాయించెయ్. కావాలనే చేసేవనుకుంటారు" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు.

మా వీణకి పుట్టినప్పటినుంచీ తీగల అమరిక ఒకటే. ఆయన గిటారుకి అలా కాదు. పాట మారితే తీగల బిగువు మార్చేవారు. రెండు తీగలు కిందికి దించి, ఒకదాన్ని కాస్త పైకి లాగి, మళ్ళీ విని, మళ్ళీ లాగి, పాట కంటే ఆ సర్దుబాటుకే ఎక్కువసేపు పట్టేది. ఇంత శ్రమ ఎందుకండీ అన్నాను. కడ్డీ తీసి నా చేతిలో పెట్టారు. చల్లగా, బరువుగా ఉంది. "ఇది వంగుతుందా? వంగదు. వేళ్ళయితే ఒక్కో తీగని ఒక్కో చోట నొక్కచ్చు. కడ్డీ అన్నిటినీ ఒకేచోట నొక్కుతుంది. కాస్త ఏటవాలుగా పెడితే ఒకటి రెండు కొత్త స్వరాలొస్తాయి, అంతే. ఈ పాటల్లోనేమో నాలుగైదు స్వరాలు కలిసి ఒకేసారి పలకాలి. అంచేత పాటకి కావలసినవన్నీ ముందే తీగల్లో సర్దుకోవాలి. మొదలెట్టేక సర్దడం కుదరదు." నేను పొయ్యి వెలిగించే ముందే పోపు గింజలతో సహా అన్నీ పళ్ళెంలో పెట్టుకునే మనిషిని. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

వాటన్నిట్లోకీ పిన్నిగారికి ఇష్టమైన పాట ఒకటి ఉండేది. దాని ఇంగ్లీషు పేరు ఆవిడకీ రాదు, నాకూ రాదు. మధ్యాహ్నం నాలుగింటికి ఆవిడ వరండాలో చేట పెట్టుకుని బియ్యం ఏరేవారు. సాయంగా నేనూ కూర్చునేదాన్ని. ఆయన ఒక పాట ముగించి, తీగలు సర్ది, సరిపోయిందో లేదో చూడడానికి ఆరు తీగల మీదా బొటనవేలితో ఒక్కసారి గీసేవారు. ఆ గీతలోనే ఏ పాటో తెలిసిపోయేది. ఒక గీత వింటే మాత్రం చేటలో పిన్నిగారి చేతులు ఆగిపోయేవి. మాట్లాడుతున్న వాక్యం సగంలో వదిలేసినట్టుండేది ఆ గీత. మంచికో చెడుకో తెలియకుండా, తర్వాతి మాట కోసం ఆగినట్టు. పాట అయ్యేదాకా ఆవిడ చేతులు కదిలేవి కావు.

"ఏమేవ్, రాళ్ళేరుతున్నావా, లెక్కెడుతున్నావా?" అని ఆయన వేళాకోళం చేసేవారు.

"మీరా పాట వాయిస్తే నాకు రాళ్ళు కనబడవండీ. రేపు అన్నంలో పంటికింద పడితే మీ పాటనే అనండి, నన్నన్లేరు" అనేవారావిడ.

పిన్నిగారు పోయిన రోజు సాయంత్రం, ఇంటినిండా జనం ఉండగానే, ఆయన గిటారు తీగలన్నీ వదులు చేసి పెట్టె మూసేశారు. ఏడాదిన్నర దాన్ని ముట్టుకోలేదు. మళ్ళీ తీసిన రోజు గోడ మీంచి ఒకటి రెండు పాటలు విని సంతోషించాను. తర్వాత సర్దుబాటు మొదలైంది. గీత, మళ్ళీ గీత. సాయంత్రం దాకా అదే. మర్నాడూ అదే. మూడో రోజు ఉండబట్టలేక వెళ్ళాను.

"ఆవిడ పాట పోయిందమ్మా" అన్నారు. మొహం పాలిపోయి ఉంది. "చెయ్యి మర్చిపోలేదు, చెవీ మర్చిపోలేదు. ఏ తీగ ఎంత బిగించాలో ఆ ఒక్కటీ పోయింది. ఏ పుస్తకంలోనూ లేదది. నేనూ మా డ్రైవరు గురువుగారూ కలిసి సొంతంగా కట్టుకున్నది. చేతులు వాటంతటవే బిగించేసేవి, రాసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు." గిటారు బల్ల మీద పెట్టి, "ఇవాళ ఇది పోయింది. రేపు ఇంకోటి పోతుంది. నీ పుస్తకాల్లో నాకో పుస్తకం పెడతావా?" అని అడిగారు.

నా పుస్తకాల సంగతి వీధిలో అందరికీ తెలుసు. గ్యాసు బండ ఏ రోజు మార్చాం, ఏ ఏడాది ఆవకాయలో ఉప్పెంత పడింది, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగించాం, అన్నిటికీ తలా ఒకటి ఉంటుంది. అలాగే ఆయనకీ ఒక రెండొందల పేజీల పుస్తకం తీశాను. బుధవారాలు, శనివారాలు, వంటింటి పని తెమిలాక నాలుగింటికి వెళ్ళేదాన్ని. ఆయన తీగలు సర్ది ఒక్కోటీ మీటేవారు. నేను విని, నాకొచ్చిన పద్ధతిలో స రి గ మలుగా రాసుకునేదాన్ని. ఇంగ్లీషు పేర్లు నా నోటికి ఎక్కవు కాబట్టి, తుంపర పాట, కాలవ పాట, పడవ దిగిన పాట అని నేనే పేర్లు పెట్టాను. అవి చదివి ఆయన నవ్వేవారు కానీ, తర్వాత తర్వాత ఆయన కూడా "ఇవాళ పడవ దిగుదావా?" అనడం మొదలెట్టారు. కరెంటు పోయి బాక్సు మూగబోతే, నేను స్టూలు దగ్గరికి లాక్కుని చెవి పెట్టి వినేదాన్ని. రెండేళ్ళలో పద్నాలుగు పేజీలయ్యాయి. పదిహేనో పేజీ పైన "పిన్నిగారి పాట" అని రాసి, ఖాళీగా వదిలాను. ప్రతి శనివారం చివర్లో ఒక పావుగంట దాన్ని వెతికేవారు. దొరికేది కాదు.

ఇక నా తప్పు గురించి చెప్పాలి.

మాకు సముద్రపు గాలి. తీగలు తొందరగా తుప్పు పడతాయి. ఎప్పుడూ ఒక్కో తీగే మార్చేవారు, పక్క తీగని చూసి కొత్తది బిగించేవారు. మొన్న వానాకాలంలో వాళ్ళమ్మాయి కొత్త తీగలు తెచ్చిందని, చెక్క శుభ్రంగా తుడవచ్చని, ఆరూ ఒకేసారి తీసేశారు. కొత్తవి ఎక్కించి, కళ్ళజోడు సర్దుకుని, "చదవమ్మా మొదటి పేజీ" అన్నారు.

"లావు తీగ స అండి. దాని పక్కది గ. తర్వాత ప, ద, మళ్ళీ పై స, పై గ."

"ఆయ్. ఏ స?"

"స అంటే స యేనండి బాబాయిగారూ."

"అదేనమ్మా, ఎంత ఎత్తులో స?"

మా సంగీతంలో ఎవరి గొంతుకి ఎంత ఎత్తు సరిపడితే అక్కడే స పెట్టుకుంటాం. ఆ అలవాటుతో, ఏ పాట రాసినా లావు తీగ ఎక్కడుంటే అదే స అనుకుని, మిగతావి దాన్నిబట్టి రాసేశాను. అది అసలు ఎంత ఎత్తులో ఉందో ఒక్క పేజీలోనూ రాయలేదు. పేజీలన్నీ తిప్పి చూశాను. పద్నాలుగింటిలోనూ లావు తీగ స.

ఆయన నా మొహం చూసి విషయం గ్రహించారు. "పోన్లే. మెట్లెన్నో ఉన్నాయి, నేలెక్కడుందో లేదు. అంతే కదా" అన్నారు.

ఇంటికొచ్చి ఆ రోజు పప్పు మాడ్చాను. మావారు కంచం ముందు కూర్చుని, "ఏంటి, ఇవాళ లెక్క తప్పిందా?" అన్నారు. "పద్నాలుగు తప్పేయండి" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా మాడిన పప్పే తిన్నారు.

తర్వాతి బుధవారం నా పాత శ్రుతి పెట్టె తీసుకుని వెళ్ళాను. ఒక్కో పేజీకీ స ఎక్కడుండాలో వెతకడం మొదలెట్టాం. లావు తీగ గిలగిల్లాడితే ఇంకా పైకి. సన్న తీగ కీచుమంటే ఇంకా కిందికి. రెండూ లేనిచోట ఆయన పాట వాయించి, తలాడిస్తే, ఆ శ్రుతి నేను ఎర్ర సిరాతో పేజీ మూలన రాసుకునేదాన్ని. రెండు తీగలు తెగాయి. ఒకటి నా మోచేతికి గీసుకుంది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "నువ్వు తప్పు రాయకపోతే ఈ పాటల్ని ఇంత దగ్గరగా మళ్ళీ చూసేవాణ్ణి కాదు" అన్నారోసారి. నా మనసు తేలిక చెయ్యడానికన్నారనే అనుకున్నాను.

తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయారు. ఆ పాట ఏ శ్రుతిలోనూ కుదరడం లేదు. కడ్డీ పక్కన పెట్టి, "అమ్మా, లావు తీగే స ఎందుకవ్వాలి?" అన్నారు.

"నేనలా రాసుకున్నానండి. తప్పే" అన్నాను.

"నీ ఒక్కదానిదే కాదు. ఇన్నాళ్ళూ ఆవిడ పాట వెతికేటప్పుడు నేనూ అదే చేసేను. లావు తీగే ఇల్లనుకుని అక్కడ మొదలెట్టేను. ఇల్లు మధ్యలో ఎక్కడో ఉండచ్చు కదా!" లావు తీగ బిగించే మరని మెల్లగా కిందికి తిప్పుతూ విన్నారు. ఇంకొంచెం తిప్పి విన్నారు. నేనక్కడున్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. నీళ్ళ మోటారు వేసే వేళైందని లేచాను. "శనివారం చూద్దావమ్మా" అన్నారు, తల ఎత్తకుండానే.

ఆ శనివారం నేను వెళ్ళలేదు. మావారి తరఫు వాళ్ళ పెళ్ళికి రావులపాలెం వెళ్ళాను. ఆదివారం కూడా అక్కడే ఉండిపోయాం. సోమవారం పొద్దున్న బట్టలారేస్తుంటే గోడ అవతల ఆయన నిలబడి ఉన్నారు. ఆయన మొహం అంత తేటగా ఉండగా చూసి చాలా కాలమైంది.

"దొరికినట్టే ఉందమ్మా. బుధవారం పుస్తకం తెచ్చుకో. నేను గీస్తాను, నువ్వు విను. అదో కాదో నువ్వే చెప్పాలి. ఆవిడ పక్కన కూర్చుని విన్నది నువ్వే. అమ్మాయికి గుర్తుండదు."

"ఇప్పుడే రమ్మంటారా?" అన్నాను.

"వద్దు వద్దు, బట్టలారేసుకో. ఎక్కడికి పోతుంది?"

మర్నాడే మంగళవారం.

ఆ వారమంతా ఆ ఇంటికి చుట్టాలు వస్తూ పోతూ ఉన్నారు. ఏడుస్తున్న ఇంట్లో గిటారు పెట్టె తెరవమని ఎలా అడుగుతాను? కానీ మా గాలికి కొత్త తీగలు రోజుకింత జారతాయని నాకు తెలుసు. ఆయన కట్టిపెట్టింది అందులో ఉంటే, అది ఉండే రోజులు తక్కువ. వంట చేస్తున్నా, పడుకున్నా అదే ధ్యాస. బుధవారం వచ్చింది, పోయింది. శనివారం నాలుగింటికి, చుట్టాలందరూ వెళ్ళాక, పుస్తకం, శ్రుతి పెట్టె పట్టుకుని వెళ్ళాను.

వాళ్ళమ్మాయి బీరువా సర్దుతోంది. చుట్టూ బట్టల కుప్పలు.

"మంచి వేళకి వచ్చేవక్కా. గిటారు నాతో తీసుకెళ్ళిపోతాను. మా స్కూల్లో సంగీతం మాస్టారు తీగలన్నీ వదులు చేసి పెట్టమన్నారు, లేకపోతే చెక్క వంగిపోతుందట. ఎలా తిప్పాలో నీకు తెలుసు కదా?"

"తెలుసు. ఒక్క అరగంట ఆగుతావా? ముందు రాసుకోవాలి" అన్నాను.

ఎందుకో చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది కానీ, తల అడ్డంగా ఊపింది. "నాకవేమీ గుర్తులేవక్కా. నాన్నగారు వాయించేవారు, అమ్మ బియ్యం ఏరేది, నేను హోంవర్కు చేసుకునేదాన్ని. అన్ని పాటలూ ఒకేలా ఉండేవి. నీ ఇష్టం, తీసి చూసుకో."

పెట్టె తెరిచాను. గిటారుకి పిన్నిగారి బండారులంక నేత చీర చుట్టి ఉంది, ఆకుపచ్చ అంచుది. నేను చీర విప్పి ఇస్తే ఆమె అందుకుని మడత పెట్టడం మొదలెట్టింది. నేను కింద చాప మీద కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాన్ని ఒళ్ళో పెట్టుకోలేదు. బాక్సుకి తగిలించలేదు. ఆయన గీసేటట్టే, లావు తీగ నుంచి సన్న తీగ దాకా బొటనవేలితో ఒక్కసారి గీశాను.

వాక్యం సగంలో ఆగింది.

అదే. సన్న తీగ వెంట్రుకవాసి కిందికి జారింది, తక్కినవన్నీ ఆయన పెట్టినచోటే ఉన్నాయి. శ్రుతి పెట్టె వేసి ఒక్కో తీగా చూశాను. ఇల్లు మధ్యలోనే ఉంది. లావు తీగ స కాదు, వీణ మీద లెక్కైతే స కంటే రెండు మెట్లు కింద ఉండే నిషాదం. పదిహేనో పేజీలో, పేరు కింద రాశాను: ని, గ, ప, ద, స, రి. స ఐదో తీగ మీద, ఒకటో శ్రుతిలో. ఈసారి ఆ శ్రుతిని ఎర్ర సిరాతో ముందే రాశాను. తారీఖు వేశాను. బుధవారం నన్ను అడగవలసిన ప్రశ్నకి జవాబుగా, పేజీ చివర "ఇదేనండి" అని రాశాను.

తీగలు వదులు చేసేముందు, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి సన్న తీగని ఆ వెంట్రుకవాసి పైకి తిప్పి, ఇంకొక్కసారి గీశాను. అది గట్టి చప్పుడు కాదు, ఆ గది దాటి వెళ్ళేది కాదు. సరిపోయిందని చెబుదామని తలెత్తాను.

వాళ్ళమ్మాయి చీర అంచు గడ్డం కింద అదిమిపట్టి నిలబడి ఉంది. మడత సగంలో ఉంది. రెండు చేతులూ గాలిలో అలాగే ఆగిపోయాయి. ఆమె నాకేసి చూడడం లేదు. తీగలు ఒకదాని తర్వాత ఒకటి సద్దుమణిగాయి. లావు తీగ అన్నిటికన్నా ఆలస్యంగా ఆగింది. ఆ తర్వాత కూడా ఆ చేతులు కదల్లేదు.